ఆరేళ్ళుగా పోగుచేశాం, ఇప్పుడు 'ఇది డాక్యుమెంటేషనే కాదు' అంటున్నారు. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలా?

పాతపెట్టె
మేం ఏడుగురం. ఎవరికీ ఇందులో చదువూ లేదు, జీతమూ లేదు. మూతపడిన ఒక నాటక బృందానికి సంబంధించినవి ఆరేళ్ళుగా సేకరిస్తున్నాం. ఫోటోలు, కరపత్రాలు, చేత్తో రాసిన స్క్రిప్టులు, ఉత్తరాలు, రిహార్సల్ క్యాసెట్లు, కొన్ని వేషాల దుస్తులు, రెండు కిరీటాలు. అన్నీ కలిపి 1,400 దాకా ఉంటాయి. మొత్తం ఒకే ఎక్సెల్ షీటులో ఉంది. దాన్ని మొదలుపెట్టినతను ఊరు మారి వెళ్ళిపోయాడు. ఇప్పుడు తెరిచి చూస్తే 'రకం' అన్న చోట నాలుగు వందలకు పైగా 'ఇతరములు' అని ఉంది, 'వివరం' అన్న చోట 'మంచి ఫోటో', 'పాతది', 'అక్క ఇచ్చింది'. ఏ అక్క?
మొన్న ఒక పెద్ద సంస్థలో పనిచేసే ఆయనకి చూపించాం. పది నిమిషాలు చూసి "ఇది జాబితా, డాక్యుమెంటేషన్ కాదు, మొదటి నుంచి చెయ్యండి" అనేసి లేచారు. రెండు రోజులు నిద్ర పట్టలేదు నాకు. ఒక్కో వస్తువు ఇచ్చినవాళ్ళు గంటసేపు కూర్చోబెట్టి దాని కథ చెప్పారు. ఆ కథ రాసుకోవడానికి మా షీటులో గడే లేదు. ఆయన ఇచ్చిన నమూనా ఫారంలోనూ లేదు. మీలో ఇలాంటి పని చేసినవాళ్ళుంటే చెప్పండి, ఉన్నది చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాలా?

అట్టల_బీరువా
ఒక్క అక్షరం కూడా చెరపొద్దు. ఆ షీటుని ఉన్నదున్నట్టు కాపీ తీసి, ఫైలు పేరులో ఇవాళ్టి తేదీ పెట్టి, పక్కన దాచండి. 'అక్క ఇచ్చింది' అన్న మాట ఇవాళ మీకు అర్థం కాకపోవచ్చు, అతనికి ఫోన్ చేస్తే అర్థమవుతుంది. అతనికి గుర్తున్నప్పుడే అడగండి.
నేను ఇరవై రెండేళ్ళు కేటలాగు పనే చేశాను కాబట్టి ఆ పెద్దమనిషి మాట గురించి కూడా చెప్తాను. బ్రిటన్ మ్యూజియంల కోసం తయారైన స్పెక్ట్రమ్ అనే ప్రమాణం ఉంది. 2017లో వచ్చిన 5.0 ప్రకారం అందులో 21 పద్ధతులు, వాటిలో 9 ప్రాథమికమైనవి. ఆ తొమ్మిదిలో 'ఇన్వెంటరీ' ఒకటి, 'కేటలాగింగ్' వేరే ఒకటి. అంటే మన దగ్గర ఏముంది, ఎక్కడుంది అని తెలిసిన జాబితాని ఆ ప్రమాణమే ఒక పద్ధతిగా ఒప్పుకుంటోంది. మీరు మొదటి మెట్టు మీదున్నారు, మెట్లే లేవని కాదు. జాబితా కూడా డాక్యుమెంటేషనే.

చివరి_పేజీ
పెద్ద సంస్థల గోదాముల్లో నెంబరు పడకుండా ఉండిపోయినవి ఎన్ని ఉంటాయో వాళ్ళే చెప్పాలి. మీరు బాధపడకండి.

అట్టల_బీరువా
@చివరి_పేజీ ఉంటాయి, నిజమే. ఆ పని ఎంత పేరుకుపోతుందో కళ్ళారా చూశాను. అందుకే చెప్తున్నా, ముందు నెంబర్లు వెయ్యండి. కథలు, వర్గీకరణ, వెబ్‌సైటు అన్నీ తర్వాత. నెంబరు లేని వస్తువు గురించి ఎంత రాసినా, ఆ రాత ఏ వస్తువుదో రేపు చెప్పలేం. సంవత్సరం, ఆ ఏడాది వచ్చిన ఎన్నో విరాళం, అందులో ఎన్నో వస్తువు. 2021.4.17 అంటే 2021లో నాలుగో సారి వచ్చిన పెట్టెలో పదిహేడోది. ఇంతకు మించి తెలివి వద్దు. నెంబరులోనే రకం, రంగు, ఎవరిది అన్నీ ఇరికించాలని చూసినవాళ్ళందరూ మూడో ఏడాదికి చిక్కుల్లో పడ్డారు.

కాలమ్_నం_7
ఎక్సెల్ గురించి నేను చెప్తా, అదే నా రోజువారీ పని. నాలుగు వందల 'ఇతరములు' చూసి టెన్షన్ పడకండి. వాటిని మాత్రం ఫిల్టర్ చేసి ఒక సాయంత్రం ముగ్గురు కూర్చుంటే సగానికి పైగా కరిగిపోతాయి, ఎందుకంటే అవి నిజంగా ఇతరాలు కావు, ఆ రోజు ఏ గడిలో వెయ్యాలో తోచక వేసినవి.
ఇంకో మాట. ఖాళీ గడికీ 'తెలియదు' అని రాసిన గడికీ తేడా ఉంది. ఖాళీ అంటే ఇంకా ఎవరూ చూడలేదని, 'తెలియదు' అంటే చూశాం, అడిగాం, దొరకలేదని. ఈ రెండూ కలిసిపోతే తర్వాత వచ్చినవాళ్ళు చేసిన పనే మళ్ళీ చేస్తారు.
తేదీలు కూడా. '1970ల్లో' అని దాత చెప్తే మన షీటు ఒప్పుకోదని 01-01-1970 అని కొట్టేస్తాం. అది అబద్ధం అయిపోతుంది, ఐదేళ్ళ తర్వాత ఎవరో దాన్ని నిజమైన తేదీ అనుకుని వ్యాసంలో వాడేస్తారు. తేదీలు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 ఉంది, 2019 నాటి దాని రెండో భాగంలో దీనికి దారి చూపించారు. దశకం మాత్రమే తెలిస్తే 197 పక్కన ఎక్స్ అక్షరం, సుమారు అయితే సంవత్సరం తర్వాత ~ గుర్తు. ఆ గడిని మాత్రం 'టెక్స్ట్' అని మార్చుకోండి, లేకపోతే ఎక్సెల్ తనకు తోచిన తేదీ పెట్టేస్తుంది.

పాతపెట్టె
@కాలమ్_నం_7 మా షీటులో 01-01 తేదీలు అరవైకి పైనే ఉన్నాయి. ఇప్పుడే చూశాను. నాటకాలన్నీ కొత్త సంవత్సరం రోజే ఆడినట్టుంది 😄

మాటలమూట
పై వాళ్ళు చెప్పినవన్నీ చెయ్యండి గానీ వరస నాకు నచ్చలేదు. ముందు నెంబర్లు, కథలు తర్వాత అంటున్నారు అట్టల_బీరువా గారు. వస్తువు బీరువాలో పదేళ్ళు ఆగుతుంది, మనిషి ఆగడు.
మా పెద్దమ్మ దగ్గర ఒక గ్రూప్ ఫోటో ఉండేది, పద్దెనిమిది మంది. అందరి పేర్లూ ఆవిడకి కంఠతా వచ్చు. ఫోటోని చక్కగా స్కాన్ చేశాం, నెంబరు వేశాం, కవర్లో పెట్టాం, పేర్లు వచ్చే నెల కూర్చుని రాసుకుందాం అనుకున్నాం. ఆ వచ్చే నెలలో ఆవిడకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇప్పుడు ఆ ఫోటోలో ఐదుగురి పేర్లే మాకు తెలుసు. ఫోటో ఎదురుగా పెడితే ఆవిడ ఒక్కొక్కరి మీదా వేలు పెడుతుంది, కళ్ళు తుడుచుకుంటుంది. చెప్పలేదు.
కాబట్టి పెద్దవాళ్ళ దగ్గరికి ఈ వారమే వెళ్ళండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఫోటో వాళ్ళ చేతికిచ్చి, వెనక వరస ఎడమ నుంచి కుడికి, తర్వాత ముందు వరస, అలా చెప్పించుకోండి. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అన్నది తప్పకుండా రాయండి. ఇద్దరు రెండు పేర్లు చెప్తే రెండూ రాయండి. ఎవరు కరెక్టో తేల్చడం ఆ రోజు మన పని కాదు.

అట్టల_బీరువా
@మాటలమూట మీ పెద్దమ్మగారి సంగతి చదివాక వాదించాలనిపించడం లేదు. ఒప్పుకుంటున్నా, వయసు మీదపడినవాళ్ళు ఉన్నచోట మాటే ముందు. కానీ రికార్డింగ్ మొదట్లో ఆ ఫోటో నెంబరు గట్టిగా చదవండి, తాత్కాలిక నెంబరైనా సరే. 'ఇదిగో ఇతను, వీడి పక్కన వాడు' అని గంటసేపు మాట్లాడిన రికార్డింగు ఒకటి నా చేతికొచ్చింది, ఏ ఫోటో చూసి మాట్లాడారో ఎవరికీ తెలియదు.

మాటలమూట
ఇది బంగారం లాంటి మాట. రాసుకున్నా.

సైడు_బి
క్యాసెట్ల గురించి ఎవరూ ఎత్తలేదేం. పాతపెట్టె గారూ, ఇవాళ చెయ్యాల్సిన పని ఒకటి: ప్రతి క్యాసెట్ పై అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్కలు రెండూ విరిచెయ్యండి. అవి ఉన్నంతకాలం పొరపాటున రికార్డు బటన్ నొక్కితే ఉన్నది పోతుంది. తర్వాత, వినేముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కి తిప్పండి, ఏళ్ళ తరబడి బిగుసుకున్న టేపు కాస్త సర్దుకుంటుంది. బూజు పట్టినట్టు తెల్లగా కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టొద్దు, ఆ బూజు మిగతా అన్నిటికీ అంటుకుంటుంది.
డిజిటల్ చేసేటప్పుడు ఎంపీ3 కాదు, వేవ్ ఫైలు, 24 బిట్, కనీసం 48 కిలోహెర్ట్జ్. వినడానికి ఎంపీ3 కాపీ వేరుగా తీసుకోవచ్చు. అట్ట మీద చేతిరాత కూడా ఫోటో తియ్యండి, రెండు వైపులా.
ఇక 'సంస్థలు చేస్తేనే డాక్యుమెంటేషన్' అనేవాళ్ళకి నేను చూపించేది డిస్కాగ్స్ అనే సంగీత రికార్డుల జాబితా సైటు. 2000లో ఎలక్ట్రానిక్ సంగీతం ఇష్టపడే ఒకతను మొదలుపెట్టాడు, మిగతాదంతా మనలాంటి సేకర్తలు నింపిందే. రికార్డు మధ్యలో లేబుల్ పక్కన పాట అయిపోయాక మిగిలే నున్నటి ఖాళీ ఉంటుంది చూడండి, అక్కడ గీసిన చిన్న అక్షరాలు, అంకెలు కూడా ఎక్కిస్తారు. ఒకే ఆల్బమ్‌కి ఏ ముద్రణ ఏదో దాన్ని బట్టి తేలుతుంది. జీతం ఇచ్చినా అంత ఓపిక రాదు, ప్రేమ ఉంటేనే వస్తుంది.

చివరి_పేజీ
ఆ ఖాళీలో అక్షరాలుంటాయని ఇన్నేళ్ళూ గమనించలేదు! ఇప్పుడే తీసి చూశాను, ఉన్నాయి.

కాలమ్_నం_7
మళ్ళీ అసలు విషయానికొస్తే, ఎన్ని కాలమ్స్ ఉండాలి అన్నది పాతపెట్టె గారు తేల్చుకోవాలి. వివరాలు ఏ గడుల్లో రాయాలో చెప్పే డబ్లిన్ కోర్ అనే ప్రమాణంలో 15 అంశాలే ఉన్నాయి: శీర్షిక, కర్త, విషయం, తేదీ, హక్కులు ఇలా. 1995లో జరిగిన ఒక వర్క్‌షాప్‌లో మొదలైంది. డబ్లిన్ అంటే ఐర్లాండ్‌ది కాదు, అమెరికాలో ఒహాయోలో ఉన్నది. ఆ పదిహేనూ ఐచ్ఛికమే. మా దగ్గర ఎనిమిదే వాడతాం.
అదనంగా ఒకటి, దొంగతనం జరిగితే పనికొచ్చే వివరాలు. 1997లో అమెరికాలోని గెట్టీ అనే కళా సంస్థ వాళ్ళు తెచ్చిన 'ఆబ్జెక్ట్ ఐడీ' అనే ప్రమాణం అందుకే. ఫోటో, కొలతలు, దేంతో చేశారు, ఏమైనా రాత ఉందా, గుర్తుపట్టే లోపం ఏదైనా ఉందా. కిరీటానికి ఎడమవైపు మూడో రాయి ఊడిపోయి ఉంటే అది రాయండి. ఆ ఊడిన రాయే రేపు 'ఇది మాదే' అనడానికి సాక్ష్యం.

మాటలమూట
పదిహేను గడుల్లో దేంట్లో వేస్తారు, 'ఈ కిరీటం బరువుకి ఆయనకి నుదుటి మీద మచ్చ పడింది, ఆ మచ్చ చూసే పెళ్ళిచూపుల్లో గుర్తుపట్టాను' అన్న మాట? ఇది నేను కల్పించింది కాదు, మా సేకరణలోదే.
ఎవరో దూరంగా కూర్చుని చేసిన వర్గాలు మన వస్తువులకి సరిపోనప్పుడు తప్పు మన వస్తువులది కాదు. కెనడాలో బ్రయన్ డీర్ అని మొహాక్ అనే ఆదివాసీ జాతి లైబ్రేరియన్ ఉండేవారు. మామూలు లైబ్రరీ వర్గీకరణలు తమవాళ్ళ పుస్తకాలన్నిటినీ ఒక మూలకి తోసేస్తున్నాయని 1970లలో తమకి అర్థమయ్యే వరసలో సొంత వర్గీకరణ చేసుకున్నారు. దాన్ని మార్చుకుని ఇప్పటికీ కొన్ని లైబ్రరీల్లో వాడుతున్నారు. న్యూయార్క్‌లో 1974లో ఒక అపార్ట్‌మెంట్‌లో మొదలైన లెస్బియన్ హెర్‌స్టరీ ఆర్కైవ్స్‌లో పుస్తకాలు రచయిత ఇంటిపేరుతో కాదు, సొంత పేరుతో సర్దుతారు, ఇంటిపేరు తండ్రిదో భర్తదో అవుతుందని. సర్దడంలో కూడా ఒక మాట ఉంటుంది.

అట్టల_బీరువా
సొంత వర్గాలు పెట్టుకోవద్దని నేనెప్పుడూ అనలేదు. నా భయం ఇంకొకటి. ఏడుగురు మనుషులు, ఒకరు 'కిరీటం' అంటారు, ఒకరు 'మకుటం' అంటారు, ఒకరు 'తలకట్టు' అని రాస్తారు. వెతికితే మూడో వంతే దొరుకుతుంది. మీకు మీరే గుర్తు తెచ్చుకోగలిగినంతకాలం పర్వాలేదు. మీ తర్వాత వచ్చేవాళ్ళకి?

ట్యాగుల_తోట
దీనికి మందు అభిమానుల దగ్గర ఉంది. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అని అభిమానులు రాసుకునే కథల సైటు, 2009లో అందరికీ తెరిచారు. అక్కడ రాసేవాళ్ళు ట్యాగు ఏ మాటలో అయినా పెట్టొచ్చు, ఎవరూ దిద్దరు. వెనక వాలంటీర్లు కూర్చుని 'ఈ నాలుగు మాటలూ ఒకటే' అని లోపల ముడివేస్తారు. మీరు ఏ మాటతో వెతికినా నాలుగూ వస్తాయి, ఎవరు రాసిన మాట వాళ్ళకే ఉంటుంది. 2019లో ఈ సైటుకి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రంగంలో ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. నేను అందులో ఎప్పటి నుంచో ఉన్నాను, ఆ రోజు ఏడ్చేశాను.
మీ ఏడుగురికి అంత యంత్రాంగం అక్కర్లేదు. రెండు కాలమ్స్ చాలు. ఒకటి 'ఇచ్చినవాళ్ళ మాట', వాళ్ళు ఏమన్నారో అదే, దిద్దకుండా. పక్కన 'వెతుకుడు మాట', మీ అందరూ ఒప్పుకున్న చిన్న పట్టికలోంచి ఒకటి. మాటలమూట గారి మచ్చ కథ మొదటి దాంట్లోకి, అట్టల_బీరువా గారి మకుటం రెండో దాంట్లోకి.

అట్టల_బీరువా
ఇది నాకు సరిపోయింది.

మాటలమూట
నాకూ. రెండో గడి నింపడానికి మొదటి గడిని కుదించకపోతే చాలు.

నీలిసిరా
ఉత్తరాలున్నాయన్నారు. వాటిని చదివేముందు ఒక్క నిమిషం ఆగండి. ఉత్తరం ఇచ్చినవాళ్ళు వేరు, రాసినవాళ్ళు వేరు, అందులో ఎవరి గురించి రాశారో వాళ్ళు వేరు. ఫోటో ప్రింటు మన చేతిలో ఉన్నంత మాత్రాన కాపీరైట్ మనది అయిపోదు, ఉత్తరమూ అంతే. ఒక్క పేజీ కాగితం తయారు చేసుకోండి: ఇచ్చేవాళ్ళ పేరు, విరాళమా స్కాన్ చేసుకోవడానికి అప్పా, నెట్‌లో పెట్టొచ్చా, పేరు బయటికి చెప్పొచ్చా, తర్వాత మనసు మారితే తీసేస్తామా. సంతకం. మేం ఈ కాగితం లేకుండా మూడేళ్ళు లాగించి, ఒక కుటుంబంలో గొడవకి కారణమయ్యాం. ఉత్తరాల కట్ట ఇచ్చింది చిన్నకొడుకు, పెద్దకూతురికి తెలియదు. ఆవిడ తన తల్లి రాసుకున్న మాటల్ని మా పేజీలో చూసుకుంది. ఆవిడ ఫోన్‌లో అరవలేదు, నెమ్మదిగా 'తీసెయ్యండి బాబూ' అంది. ఇప్పటికీ చెవుల్లో ఉంది.

చివరి_పేజీ
@నీలిసిరా బాధ అర్థమైంది గానీ ఇలా ప్రతిదానికీ తాళం వేసుకుంటూ పోతే సేకరించి లాభమేంటి? అందరికీ కనిపించనిది ఉన్నా లేనట్టే కదా. నేనైతే అన్నీ తెరిచి పెట్టాలంటాను.

నీలిసిరా
@చివరి_పేజీ తెరవడం, మూయడం రెండే దారులు అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ముకుర్తు అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఆస్ట్రేలియాలో వరుముంగు అనే ఆదివాసీ ప్రజలతో కలిసి పనిచేయడం వల్ల పుట్టింది. ముకుర్తు అంటే వాళ్ళ భాషలో విలువైనవి దాచుకునే సంచి. అందులో ఏది ఎవరు చూడాలో ఆ సమాజమే నిర్ణయిస్తుంది, కొన్ని కుటుంబం వరకే, కొన్ని ఆడవాళ్ళ వరకే, కొన్ని అందరికీ. 2010 నుంచి లోకల్ కాంటెక్స్ట్స్ అనే సంస్థ వాళ్ళు ఇలాంటి షరతులు తెలిపే లేబుళ్ళు తయారు చేస్తున్నారు.
1890లో అమెరికాలో పాసమక్వాడి అనే ఆదివాసీ ప్రజల పాటల్ని, మాటల్ని ఒక పరిశోధకుడు మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశాడు. అవి దశాబ్దాలు సంస్థల చేతుల్లోనే ఉన్నాయి. ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో వాటికి ఆ ప్రజలే తమ భాషలో పెట్టిన పేర్లు, తమ లేబుళ్ళు కనిపిస్తాయి. వినొచ్చు, దాంతోపాటు అది ఎవరిదో, ఎలా వాడాలో కూడా అక్కడే ఉంటుంది. ఇది తాళం కాదు.

చివరి_పేజీ
సరే, 'అన్నీ తెరవాలి' అన్నది వెనక్కి తీసుకుంటున్నా. కరపత్రాలు, పోస్టర్ల విషయంలో మాత్రం ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

నీలిసిరా
కరపత్రం పంచడానికే అచ్చువేసింది, దాంట్లో నేనూ మీ వైపే. హక్కులు ఎవరివో చూసుకుని పెట్టేయొచ్చు.

నీటిచుక్క
స్కాన్లు ఎక్కడ దాస్తున్నారు? వాట్సాప్ గ్రూపులో అని చెప్పకండి. అందులో మామూలుగా పంపితే ఫోటో కుంచించుకుపోతుంది, ఎప్పుడు తీసిందన్న సమాచారం కూడా పోతుంది. పంపక తప్పకపోతే 'డాక్యుమెంట్'గా పంపండి.
ఒక్క సైటు మీదా ఆధారపడొద్దు. జనం సొంత వెబ్ పేజీలు పెట్టుకునే జియోసిటీస్ అనే సైటుని 2009 అక్టోబర్‌లో మూసేశారు, ఆర్కైవ్ టీమ్ అనే వాలంటీర్లు రాత్రింబవళ్ళు దింపుకోబట్టి కొంతైనా మిగిలింది. మైస్పేస్ అనే సోషల్ సైటులో 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు సర్వర్ మార్పిడిలో పోయాయని 2019లో బయటపడింది. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఇంట్లో. ఏడాదికోసారి తెరిచి చూడండి, తెరుచుకోని కాపీ కాపీ కాదు.
షీటుని ఏడాదికోసారి ప్రింటు కూడా తియ్యండి.

కాలమ్_నం_7
ప్రింటు మాటకి రెండు చేతులా ఓటు. ఫైలు పేర్లు కూడా నెంబరుతోనే పెట్టండి, 2021.4.17 వెనకవైపు స్కాన్ అయితే చివర '_వెనక'. ఫోటో వెనకవైపు స్కాన్ చెయ్యడం మర్చిపోతారు అందరూ, స్టూడియో ముద్రా, చేతిరాతా అక్కడే ఉంటాయి.

పాతపెట్టె
నెంబరు వస్తువు మీద ఎలా రాయాలి? మా దగ్గర కొన్ని ఫోటోల వెనక బాల్ పెన్నుతో రాశారు, ముందు వైపుకి గీత ఉబ్బి కనిపిస్తోంది.

అట్టల_బీరువా
రాసినవి వదిలెయ్యండి, రుద్దితే ఇంకా పాడవుతుంది. ఇక మీదట మెత్తటి పెన్సిల్. ఫోటోని గట్టి, శుభ్రమైన బల్ల మీద బోర్లా పెట్టి, కింది అంచున, ఒత్తకుండా. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త రకం ఫోటోల మీద పెన్సిల్ అంటదు, వాటికి కవరు మీద రాసి, తర్వాత ఫోటోని కవర్లో పెట్టండి, పెట్టాక రాయకండి. దుస్తులకి నూలు టేపు ముక్క మీద నెంబరు రాసి, లోపలి కుట్టు మడత దగ్గర రెండు వదులు కుట్లతో తగిలించండి. పిన్నులు, స్టేప్లర్, జిగురు టేపు దగ్గరికి రానివ్వొద్దు. కిరీటానికి దారంతో కట్టే అట్ట చీటీ చాలు ప్రస్తుతానికి.

పాతపెట్టె
పది రోజుల తర్వాత వస్తున్నాను. పాత షీటు కాపీ తీసి దాచాం. 'ఇతరములు' నాలుగు వందల నుంచి తొంభై ఆరుకి దిగాయి. వెళ్ళిపోయినతనికి ఫోన్ చేశాం, 'అక్క' అంటే అతని సొంత అక్కేనట, ఆవిడ ఒకప్పుడు బృందంలో మేకప్ చేసేదట! ఆరేళ్ళుగా మేం వెతుకుతున్న మనిషి మా షీటులోనే ఉంది.
ఆదివారం ఆవిడ దగ్గరికి వెళ్ళాం. మాటలమూట గారు చెప్పినట్టు రికార్డింగ్ పెట్టాం, అట్టల_బీరువా గారు చెప్పినట్టు ముందు నెంబరు చదివాం. రెండు కిరీటాల్లో పెద్దదాన్ని చేతిలోకి తీసుకుని, లోపలివైపు వేలితో తడిమి, "ఇక్కడ నేను గుడ్డ కుట్టాను, ఆయన నుదురు కోసుకుపోతోందని" అంది. మేం ఎప్పుడూ లోపలికి చూడలేదు. ఎర్ర గుడ్డ, దాని మీద తెల్లదారంతో కుట్లు, ఒకచోట దారం సరిపోక నల్లదారం. 'ఇచ్చినవాళ్ళ మాట' గడిలో ఆవిడ వాక్యం అలాగే ఉంది. గుర్తుపట్టే లక్షణాల్లో నల్లదారం కుట్లు, ఆరు.
ఇంకా మూడు ఆదివారాలు రమ్మంది. నూట నలభై ఫోటోలున్నాయి చూపించడానికి.

మాటలమూట
మూడు చాలవు. ఇంకో రెండు అడిగి పెట్టుకోండి.

సైడు_బి
క్యాసెట్ల రెక్కలు విరిచారా?

పాతపెట్టె
@సైడు_బి యాభై రెండూ విరిచేశాం.